సాహిత్యంలో కేంద్రభావం: ‘షిక్వా’ పఠనం నేర్పే పాఠం

ఒక కావ్యాన్నో నవలనో చదివి ముగించిన పాఠకుణ్ణి రెండు ప్రశ్నలు అడగవచ్చు. ఈ రచన దేనిని గురించినది? దానిని గురించి ఈ రచన ఏమంటున్నది? మొదటి ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం చెప్పవచ్చు: యుద్ధం, ప్రేమ, పేదరికం, సముదాయ పతనం. రెండవ దానికి సమాధానం పూర్తి వాక్యంగా తప్ప చెప్పడానికి వీలుపడదు. మొదటిది వస్తువు. ఉర్దూ విమర్శకులు దానిని ‘మౌజూ’ అంటారు. రెండవది కేంద్రభావం. వారి పరిభాషలో అది ‘మర్కజీ ఖయాల్’. ఈ రెంటి నడుమ సంఘటనల వరుస ఉంటుంది. దానికి ఇతివృత్తమని పేరు.

ఈ మూడింటినీ కలగాపులగం చేసి మాట్లాడటం సర్వసామాన్యం. పరీక్షలో రెండు మార్కులు పోవటంతో ముగిసే పొరపాటైతే దీనిని గురించి ఇంతగా చర్చించనక్కరలేదు. కాని ఒక గ్రంథం దీన్‌కు అనుకూలమా ప్రతికూలమా, ఒక కవి మర్యాదను పాటించాడా అతిక్రమించాడా అని సభల్లోనూ పత్రికల్లోనూ తీర్పులు వెలువడుతుంటాయి. ఆ తీర్పులలో అనేకం వస్తువును చూచి కేంద్రభావమని భ్రమించినందువల్ల, లేదా ఒక పాత్ర పలికిన పలుకును గ్రంథకర్త నిర్ణయంగా గ్రహించినందువల్ల పుట్టినవే. పఠనంలో జరిగిన లోపానికి శిక్ష కవి అనుభవిస్తాడు. కనుక ఇది న్యాయానికి సంబంధించిన విషయం కూడా.

అల్లామా ఇఖ్బాల్ (1877–1938) రచించిన ‘షిక్వా’ ఇందుకు తగిన ఉదాహరణ. తెలుగునాట ఉర్దూ తెలిసిన ముస్లిం కుటుంబాలలో దీని పేరు విననివారు అరుదు. 1911లో లాహోరులోని అంజుమనె హిమాయతె ఇస్లాం వార్షిక సభలో ఇఖ్బాల్ దీనిని చదివారు. ముస్లిం సముదాయం తరఫున ఒక గొంతు అల్లాహ్‌తో మొరపెట్టుకుంటుంది. నీ ఏకత్వాన్ని లోకానికి చాటినవారం మేము, నీ పేరు కోసం కత్తి పట్టినవారం మేము, మరి ఈనాడు నీ అనుగ్రహం ఇతరుల ఇళ్ళపై వర్షిస్తుండగా మాకు దక్కినదేమిటి అన్నది ఆ మొర సారాంశం. విన్నవారిలో అనేకులు కన్నీరు పెట్టుకున్నారు. మరికొందరు సృష్టికర్తను దాసుడు నిలదీయటమేమిటని ఆక్షేపించారు. బాల్కన్ యుద్ధాల కాలంలో (1912–13) ఇఖ్బాల్ దీనికి బదులుగా ‘జవాబె షిక్వా’ వినిపించారు. ఆ మీదట ఆక్షేపణ చల్లబడింది. ఆ రెండు కవితలూ 1924లో వెలువడిన ‘బాంగె దరా’లో చేరాయి.

ఇక్కడ ఆగి, ‘షిక్వా’ను మెచ్చినవారి పఠనాన్నీ, ఆక్షేపించినవారి పఠనాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. మెచ్చినవారు అందులో తమ పూర్వ వైభవ గానాన్ని విన్నారు. ఆక్షేపించినవారు అవిధేయతను విన్నారు. ఒకరికొకరు విరుద్ధంగా కనిపించే ఈ ఇరువురూ ఒకే పద్ధతిలో చదివారు. కవితలో మాట్లాడే గొంతు కవిదేనని, ఆ గొంతు చెప్పినదే కవిత సారమని ఇరువురూ నమ్మారు. ఒకరు ఆ గొంతుతో గొంతు కలిపారు, మరొకరు దాని నోరు మూయబోయారు. అంతే భేదం.

పూర్వ వైభవం, నేటి పతనం అన్నది ఆ కవితకు వస్తువు. ఆ వస్తువు ఇఖ్బాల్ సొంతమూ కాదు. అంతకు మూడు దశాబ్దాల పూర్వం, 1879లో, ‘మద్దో జజ్రె ఇస్లాం’ పేర హాలీ తన ముసద్దస్‌ను ప్రకటించారు. అందులోనూ ఇదే వస్తువు. ఛందోరూపం కూడా ఇదే, ఆరేసి పాదాల బంద్‌ల వరుస. కాని ఆ రెంటినీ చదివిన పాఠకుని మనస్సులో మిగిలేది ఒకటి కాదు. హాలీ వైద్యునివలె రోగ చరిత్ర చెబుతారు. జాతి ఎలా లేచింది, ఎలా పడింది, ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నది అని ఎదురుగా నిలబడి వివరిస్తారు. ఇఖ్బాల్ రోగి చేతనే మాట్లాడించారు. వస్తువూ రూపమూ రెండూ సమానమై ఉండగా ఫలితం వేరైనదంటే, కేంద్రభావం ఆ రెంటిలోనూ కాక మరెక్కడో ఉన్నదని తేలుతున్నది.

అది ఎక్కడ ఉన్నదో కనుగొనటానికి సర్వనామాలను పరిశీలించటం ఒక దగ్గరి దారి. ‘షిక్వా’ను నడిపించే మాట ‘హమ్’. సముద్రాలపై గుర్రాలను పరుగెత్తించినది ‘హమ్’, ఎడారులలో అజాన్ వినిపించినది ‘హమ్’, నేడు ఉపేక్షకు గురైనదీ ‘హమ్’. మొదటి హిజ్రీ శతాబ్ది వీరులూ, ఇరవయ్యవ శతాబ్ది లాహోరు శ్రోతలూ ఒకే సర్వనామంలో ఇమిడిపోయారు. తాతలు చేసిన సేవకు మనుమలు ప్రతిఫలం కోరగలగటానికి కారణం ఈ ఒక్క మాటే. శ్రోత ఆ మాటను విన్నంతసేపూ తానూ ఆ విజయాలలో భాగస్వామినే అనుకుంటాడు.

‘జవాబె షిక్వా’ చేసిన మొదటి పని ఈ సర్వనామాన్ని రెండుగా చీల్చటం. అక్కడ ‘హమ్’ విడిపోయి ‘వారు’, ‘మీరు’ అవుతుంది. ఆ కార్యాలు చేసినవారు మీ పూర్వులే, మరి మీరెవరు అని సమాధానం నిలదీస్తుంది. మస్జిద్‌లు ఎందుకు వెలవెలబోతున్నాయి, వంశాల పేర్లూ తెగల పేర్లూ చెప్పుకునేవారిలో ముస్లిం అన్న పేరు ఎవరికి తగును అని అడుగుతుంది. ఇంతకంటే లోతైన మార్పు మరొకటి ఉన్నది. మొరలో సముదాయానిదై ఉన్న ‘హమ్’ సమాధానంలో అల్లాహ్‌ది అవుతుంది. ఇవ్వటానికి మేము సిద్ధమే, అడిగేవాడే లేడు అన్న ధోరణిలో ఆ గొంతు పలుకుతుంది. మొదటి కవితలో ఎవరు ‘మేము’ అన్నారో, రెండవ కవితలో ఆ మాట అనే అధికారం వారి నుండి తొలగి అసలు హక్కుదారుని చేరింది.

సంబోధన కూడా ఇలాగే చేయి మారుతుంది. ‘షిక్వా’లో ‘తూ’ అన్నది అల్లాహ్‌కు సంబోధన. సమాధానం తొలి పలుకులలో ఆ ‘తూ’ మొరపెట్టిన కవిని ఉద్దేశించినది. నడుమ సముదాయాన్ని మందలించేటప్పుడు అది ‘తుమ్’ అనే బహువచనమవుతుంది. చివరి బంద్‌లలో, ఆశ చిగురించే చోట, తిరిగి ‘తూ’. ప్రవక్త ముహమ్మద్ (స) పట్ల విధేయత అనే షరతు అక్కడ ఏకవచనంలోనే పలకబడింది. మందలింపు సముదాయానికి, వాగ్దానం వ్యక్తికి. గుంపులో నిలబడి తాతల పేరు చెప్పి అడిగినది దొరకలేదు. ఒంటరిగా నిలబడి తన విధేయతను చూపగలిగినవానికి అడగనిదీ దొరుకుతుందన్నారు.

కనుక ఈ జంట కవితల కేంద్రభావాన్ని ఒక వాక్యంలో పెట్టవలసివస్తే ఇలా చెప్పవచ్చు: ఘనత వారసత్వంగా సంక్రమించే ఆస్తి కాదు, ప్రతి తరమూ, ప్రతి వ్యక్తీ దానిని తిరిగి సంపాదించుకోవలసిందే. ఇందులో వైభవ గానం ఒక మెట్టు మాత్రమే. నిష్ఠూరం ఇంకొక మెట్టు. ఏ మెట్టునూ మేడ అనుకోరాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశమున్నది. రెండవ కవిత తరువాత వచ్చినది కదా, 1911లో విన్నవారికి ‘షిక్వా’ ఒక్కటే లభ్యం కదా, తరువాతి కవిత అర్థాన్ని మొదటిదానికి అంటగట్టటం న్యాయమా అని అడగవచ్చు. ‘బాంగె దరా’లో సైతం ఈ రెండూ పక్కపక్కన లేవు. నడుమ ‘ఖితాబ్ బ జవానానె ఇస్లాం’, ‘షమా ఔర్ షాయిర్’ మొదలైన కవితలున్నాయి. ప్రశ్న సమంజసమైనదే. దీనికి సమాధానం ‘షిక్వా’లోనే వెదకాలి.

ఆ కవితను చివరిదాకా ఓపికగా చదివినవారికి అందులో ఒక మలుపు కనిపిస్తుంది. సేవల జాబితా చదివి, ప్రతిఫలం అడిగి, ఇతరులతో పోల్చుకున్న ఆ గొంతు, ఆ తరువాత తగ్గుతుంది. మా ప్రేమ పూర్వంలా లేకపోవచ్చు, మా హృదయం మునుపటిలా ఖిబ్లా వైపు స్థిరంగా లేకపోవచ్చు అని తానే ఒప్పుకుంటుంది. వాది తన వాదంలోని బలహీనతను తన నోటితోనే చెప్పాడు. ముగింపులో దృశ్యం మరీ మారిపోతుంది. సైన్యాలను వర్ణించిన కవిత ఎండిన తోటలో ఒంటరిగా పాడుతున్న ఒక బుల్‌బుల్ దగ్గర ఆగుతుంది. అంత విస్తారమైన ‘హమ్’ క్రమంగా కుంచించుకుపోయి చివరికి ఒక్క పక్షిగా మిగలటాన్ని గమనించినవారికి, ఆ మాట నిలువలేదని సమాధానం రాకమునుపే తెలుస్తుంది. ‘జవాబె షిక్వా’ కొత్త అర్థాన్ని తెచ్చి అతికించలేదు. ముందే పడిన విత్తనాన్ని మొలకెత్తించింది. 1911లో ఆక్షేపించినవారు రెండవ కవిత కోసం వేచి ఉండనక్కరలేదు. మొదటి కవితనే తుదివరకు విని ఉంటే చాలును.

నేటికీ సభలలో ‘షిక్వా’ నుండి యుద్ధాల వర్ణన ఉన్న బంద్‌లను మాత్రమే ఏరి రాగయుక్తంగా పాడటం కద్దు. ఒప్పుకోలు ఉన్న బంద్‌లు, ఒంటరి పక్షి ఉన్న బంద్‌లు తరచుగా విడిచిపెట్టబడతాయి. అలా విన్న యువకుడు ఏ మాయలో నుంచి తనను మేల్కొలపాలని కవి పూనుకున్నాడో, ఆ మాయలోనే మరింత గాఢంగా నిద్రిస్తాడు. ఆనాటి ఆక్షేపకుల కంటే ఈనాటి ఈ అభిమానులు ఇఖ్బాల్‌కు తక్కువ అన్యాయం చేయటం లేదు.

అనువాదకుని బాధ్యత ఇంకా బరువైనది. ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే. తెలుగులో ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. వినేవానిని కలుపుకుంటే ‘మనం’, మినహాయిస్తే ‘మేము’. ‘షిక్వా’లో వినేవాడు అల్లాహ్ కనుక ‘మేము’ అన్నదొక్కటే చెల్లుతుంది. శ్రోతలను ఉత్సాహపరచాలని ‘మనం’ అని వ్రాస్తే మొర కాస్తా ఉపన్యాసమైపోతుంది, ఎదుట ఉన్నది ఎవరో మరుగున పడుతుంది. సమాధానంలో అల్లాహ్ పలికే ‘హమ్’ను ‘నేను’గా మారిస్తే ఇంకొక నష్టం. తెలుగు ఖుర్ఆన్ అనువాదాలను చదివేవారికి అల్లాహ్ తన గురించి ‘మేము’ అని పలకటం పరిచితమే. ఆ మాటనే నిలిపితే మొరలోని ‘మేము’, సమాధానంలోని ‘మేము’ ఎదురెదురుగా నిలుస్తాయి. ‘తుమ్’ విషయంలో చిక్కు వేరు. తెలుగులో ‘మీరు’ బహువచనమూ అవును, గౌరవ వాచకమూ అవును. మందలింపు మర్యాదగా వినిపించే ప్రమాదమున్నది. ‘మీరంతా’ అనో ‘మీలో ఒక్కరైనా’ అనో సందర్భాన్ని బట్టి సర్దుకోవాలి. కేంద్రభావం ఎక్కడ ఉన్నదో తెలియని అనువాదకునికి ఇవి చిన్న మాటలుగా తోస్తాయి. తెలిసినవానికి ఇవే ఆయువుపట్లు.

వస్తువుకూ కేంద్రభావానికీ గల భేదాన్ని తెలుగు సాహిత్యం నుండే మరొక తీరున చూడవచ్చు. ‘షిక్వా’లో మహమూద్ గజ్నవీ ప్రస్తావన ఉన్నది. నమాజు వేళ సుల్తాను మహమూదూ, ఆయన దాసుడు అయాజూ ఒకే వరుసలో నిలబడిన దృశ్యమది. అక్కడ మహమూద్ సమానత్వానికి సంకేతం. గుర్రం జాషువా (1895–1971) ‘ఫిరదౌసి’ కావ్యంలోనూ మహమూద్ ఉన్నాడు. ‘షాహ్‌నామా’ రచనకు బంగారు నాణేలు ఇస్తానని మాట ఇచ్చి తప్పిన ప్రభువుగా అక్కడ కనిపిస్తాడు. ఆ గాథ చరిత్ర పరీక్షకు నిలిచేది కాదని పండితులు అంటారు. కావ్యానికి ఆధారంగా మాత్రం అది శతాబ్దాలుగా వాడుకలో ఉన్నది.

పేర్లను మాత్రమే చూచే పాఠకుడు, ఇఖ్బాల్ ముస్లిం ప్రభువును పొగిడాడు, జాషువా నిందించాడు అని లెక్క కట్టి ఒకరిని తనవానిగా, మరొకరిని పరునిగా జమ వేసుకుంటాడు. కాని జాషువా కావ్యంలో వంచితుడైన కవి ఎవరు? ఫిరదౌసి కూడా ముస్లిమే. అక్కడ తూకం వేసినది రెండు మతాలను కాదు, అధికారాన్నీ ప్రతిభనూ. పుట్టుక కారణంగా అంటరానితనాన్ని స్వయంగా అనుభవించిన కవి, తన గౌరవం కోసం తపించిన ఇంకొక కవిని పారశీక దేశం నుండి పిలిచి తెచ్చుకున్నాడు. మాట తప్పిన ప్రభువు కంటే మాట నిలిపిన కవి గొప్పవాడన్నది ఆ కావ్యం సారం. వాగ్దానాన్ని నెరవేర్చటం విశ్వాసంలో భాగమని నమ్మే ముస్లిం పాఠకునికి ఇందులో అభ్యంతరకరమైనదేమున్నది? ఒకే వ్యక్తి రెండు కావ్యాలలో రెండు భావాలకు సాధనమయ్యాడు. వ్యక్తిని చూచి భావాన్ని ఊహించటం ప్రమాదమని చెప్పటానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

పాత్ర మాట ప్రమాణం కానప్పుడు గ్రంథకర్త స్వయంగా ప్రకటించిన ఉద్దేశ్యం ప్రమాణమవుతుందా? అదీ పూర్తిగా కాదు. డిప్యూటీ నజీర్ అహ్మద్ 1870 దశకంలో వ్రాసిన ‘తౌబతున్నసూహ్’ నవలను తీసుకోవచ్చు. సంతానానికి దీనీ శిక్షణ ఇవ్వటం తల్లిదండ్రుల విధి అని బోధించటం తన లక్ష్యమని రచయిత దాచుకోలేదు. నసూహ్ కలరా సోకి మరణపు అంచుకు వెళ్ళి, కలలో తీర్పు దినపు దృశ్యాన్ని చూచి, కోలుకున్నాక కుటుంబాన్ని సంస్కరించ పూనుకుంటాడు. పెద్దకొడుకు కలీం లొంగడు. అతడు కవిత్వ ప్రియుడు, స్వాభిమాని. ఇల్లు విడిచిపోతాడు. తండ్రి అతని పుస్తకాలను తగలబెట్టిస్తాడు. చివరికి కొడుకు గాయపడి తిరిగివచ్చి మరణిస్తాడు.

విధేయులు బాగుపడ్డారు, అవిధేయుడు చెడిపోయాడు అని దీనిని ముగించటం తేలిక. కలీమే నిజమైన నాయకుడు, నసూహ్ కఠినుడు అని తిరగవేయటం నేటి కాలంలో ఇంకా తేలిక. రెండు పఠనాలూ ఒక సంగతిని విస్మరిస్తున్నాయి. కలీంను అలా పెంచినది ఎవరు? నసూహే. పిల్లలు మెత్తని మట్టిగా ఉన్నప్పుడు పట్టించుకోని తండ్రి, మట్టి కుండగా కాలిన తరువాత దాని ఆకారం మార్చబోయాడు. ఆ నవల పేరులో ఖుర్ఆన్ పదబంధం ప్రతిధ్వనిస్తుంది. 66వ సూరా 8వ ఆయత్‌లో నిష్కల్మషమైన తౌబాను సూచించే మాట అది. తౌబా తండ్రిది, ప్రాణం పోయినది కొడుకుది. ఆలస్యంగా మేల్కొన్నవాని తౌబా స్వీకరించబడవచ్చు, కాని ఆ ఆలస్యపు మూల్యాన్ని ఇంకెవరో చెల్లించవలసి వస్తుందని ఆ కథ నిర్మాణం చెబుతున్నది. ఇది రచయిత ప్రకటించిన లక్ష్యానికి విరుద్ధం కాదు. దానికంటే లోతైనది, దానికంటే కఠినమైనది.

ఈ విషయంలో పూర్వ అరబ్ విమర్శకులు వేసిన బాట నేటికీ ఉపయోగకరం. భావాలు దారిలో పడి ఉండేవే, అందరికీ అందుబాటులో ఉన్నవే, కవి నేర్పు వాటిని మలచటంలో ఉన్నదని మూడవ హిజ్రీ శతాబ్దికి చెందిన జాహిజ్ అభిప్రాయం. ఐదవ హిజ్రీ శతాబ్దిలో అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ ‘దలాయిలుల్ ఏజాజ్’లో ఈ చర్చను ఇంకా ముందుకు తీసుకుపోయారు. విడిగా తీసిన మాటకు ఘనతా లేదు, హీనతా లేదు. మాటకు మాటకు మధ్య ఏర్పడే సంబంధంలో, కూర్పులో అర్థం పుడుతుందని ఆయన స్థాపించారు. ఆ కూర్పునే ‘నజ్మ్’ అన్నారు. ఖుర్ఆన్ వాక్కు యొక్క అద్వితీయతను వివరించటానికి ఆయన ఈ సిద్ధాంతాన్ని నిర్మించారు. మానవ రచనలు ఆ స్థాయికి చెందవు. అయినా చదివే పద్ధతి ఆ సిద్ధాంతం నుండి నేర్చుకోవచ్చు. వాక్యంలో మాటకు వర్తించిన నియమం గ్రంథంలో ఘట్టానికీ వర్తిస్తుంది. ‘షిక్వా’లోని ఒక బంద్‌కు, ‘తౌబతున్నసూహ్’లోని ఒక అధ్యాయానికి స్వతంత్రంగా తీర్పు చెప్పరాదు. దానికి ముందేమున్నది, తరువాత ఏమున్నది, ఎదురుగా ఏమున్నది అని చూడాలి.

కనుక ఒక రచనను చేతికి తీసుకున్న పాఠకుడు కొన్ని ప్రశ్నలను అలవాటు చేసుకోవటం మేలు. మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో? ఆ మాటకు రచనలోనే ఎవరైనా బదులు చెప్పారా? ప్రారంభంలో ఉన్నది ముగింపులో ఏమైనది? మూల్యం చెల్లించినది ఎవరు? ఈ ప్రశ్నలకు జవాబులు రాబట్టిన తరువాత తాను గ్రహించిన భావాన్ని ఒక వాక్యంలో వ్రాసి, ఆ వాక్యంతో గ్రంథాన్ని మరొకసారి పరీక్షించాలి. ఒక ముఖ్య ఘట్టం ఆ వాక్యంలో ఇమడకపోతే మార్చవలసినది వాక్యాన్నే. ఘట్టాన్ని విడిచిపెట్టే హక్కు పాఠకునికి లేదు.

సాక్షి వాంగ్మూలాన్ని సగంలో ఆపి తీర్పు చెప్పే న్యాయమూర్తిని ఎవరూ మెచ్చరు. కవి విషయంలోనూ అంతే. ‘షిక్వా’ను పాడదలచినవారు పాడవచ్చు. కాని సైన్యాల దగ్గర ఆపక ఒంటరి బుల్‌బుల్ దాకా పాడాలి. ఆ తరువాత ‘జవాబె షిక్వా’ తెరచి, అందులోని ‘తూ’ అన్న సంబోధన తమలో ఎవరిని ఉద్దేశించినదో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.